మూసీ మడికి ఇనుమే కాపలా

నల్లగొండ, పాలమూరు చల్కలకు ఆ ఎరుపు ఎక్కడిదని అడిగితే నేల గుణం అంటాం. ఆ గుణం పేరు ఇనుము. నాగటి కర్రు తుప్పు పట్టినట్టే మట్టిలోని ఇనుము కూడా గాలి తగిలి తుప్పు పడుతుంది. ఈ తుప్పుకు ఒక అలవాటుంది. మట్టిలోకి వచ్చిన సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ లాంటి విషాలను తనకు అంటించుకుని అట్టే పెడుతుంది. మెట్ట చేనులో ఈ కాపలా సాగుతూనే ఉంటుంది. వరి మడిలో అట్లా కాదు.

దీనితో ఎక్కువ పని పడేది మూసీ కింది రైతులకు. హైదరాబాద్ మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు కలిసిన నీళ్లే బునాదిగాని, పిల్లాయిపల్లి, ధర్మారెడ్డిపల్లి కాల్వల్లో పాత నల్లగొండ జిల్లా పొలాలకు వస్తాయి. వానలు నమ్ముకోలేని సీమలో ఆ నీళ్లు వద్దనుకొమ్మని చెప్పడం పట్నంలో కూర్చున్నవాళ్లకు సులువే. రైతు చేతిలో ఉన్నది మడికి నీళ్లు కట్టడం, తీయడం. అది ఎప్పుడన్నదే ఇక్కడ అసలు సంగతి.

కరిగెట చేసి నీళ్లు నిలిపిన ఒకటి రెండు రోజుల్లోనే మట్టిలో గాలి అయిపోతుంది. మట్టిలోని సూక్ష్మజీవులు గాలికి బదులు ముందు నైట్రేటును, తర్వాత మాంగనీసును, ఆ తర్వాత ఇనుప తుప్పును వాడుకుంటాయి. అప్పుడు తుప్పు కరిగి నీళ్లలో కలుస్తుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త పొన్నంపెరుమా 1972లోనే ఈ వరస అంతా వివరంగా రాశారు. గట్టు కింద ఊటనీళ్ల మీద నూనె పోసినట్టు మెరిసే పొర చూసే ఉంటారు. చాలాసార్లు అది ఈ ఇనుమే. అనుమానముంటే పుల్లతో కదపండి. ఇనుప పొరైతే గాజు పెంకుల్లా విరుగుతుంది, నూనె అయితే మళ్లీ కలుసుకుంటుంది.

తుప్పు కరిగితే దాన్ని అంటుకున్న భాస్వరం పైరుకు అందుతుంది, అది మేలు. ఆర్సెనిక్ కూడా విడిపోయి వేరుకు అందుతుంది, అది కీడు. కాడ్మియం సంగతి తిరకాసు. నీళ్లు నిలిచిన మట్టిలో అది గంధకంతో కలిసి కరగని రూపానికి మారుతుంది. బురదలో కాలు పెడితే వచ్చే కుళ్లిన గుడ్డు వాసన ఆ గంధకానిదే. క్రోమియం ఉంటే కరిగిన ఇనుము దాని విషం తగ్గిస్తుంది. సీసం చాలావరకు వేరు దగ్గరే ఆగిపోతుంది.

మడి ఎండితే అంతా తిరగబడుతుంది. ఇనుము మళ్లీ తుప్పు పట్టి ఆర్సెనిక్‌ను పట్టుకుంటుంది, కాడ్మియం మాత్రం గంధకాన్ని వదిలి వేరుకు అందుతుంది. అంటే నీళ్లుంటే ఒకటి లేస్తది, ఎండితే ఇంకోటి లేస్తది.

వరి కూడా ఊరికే ఉండదు. దుబ్బు పీకి కడిగి చూస్తే వేళ్ల మీద ఎర్రటి పూత కనిపిస్తుంది. వరి తన కాడ గుండా వేరుకు గాలి పంపితే, ఆ గాలికి చుట్టూ ఉన్న ఇనుము తుప్పు పట్టి వేరుకే అంటుకుంటుంది. విషాలను కొంతవరకు ఆపే రెండో కాపలా ఇది.

జపాన్‌లో టొయామా ప్రాంతాన జింజు నదిలోకి గని వ్యర్థాలు వదిలారు. ఆ నీళ్లతో పండిన బియ్యం తిన్నవాళ్ల ఎముకలు పెళుసై విరిగాయి. 'ఇటాయ్ ఇటాయ్', అంటే 'అబ్బా నొప్పి', అన్నదే ఆ జబ్బు పేరు. కాడ్మియమే కారణమని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. కాడ్మియం ఉన్న పొలాల్లో వరి ఈనడానికి మూడు వారాల ముందు నుంచి ఈనిన మూడు వారాల దాకా మడి ఎండనీయొద్దని అక్కడ రైతులకు చెప్తారు.

మన మూసీ కింద కూడా పిలకల దశలో ఆరగట్టినా, పొట్ట దశ నుంచి గింజ గట్టిపడే దాకా నీళ్లు తీయకపోవడం మేలు. కోతకు ముందు ఎప్పటిలాగే ఆరబెట్టుకోవచ్చు. అయితే ఆర్సెనిక్ ఎక్కువున్న నేలకు ఈ సలహా పనికిరాదు, అక్కడ ఆరగడుతూ తడపాలి. కాబట్టి ముందు మన నేలలో ఏది ఉందో తెలియాలి. 2015లో వచ్చిన భూసార కార్డులో చూసే 12 అంశాల్లో ఈ విషాలు ఒక్కటీ లేవు. ఒక కాల్వ కింది రైతులు పదిమంది కలిసి మట్టి, ఒడ్లు రెండూ తీసుకుని కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలోనో, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో లోహాల పరీక్ష గురించి అడగాలి. ఒక్కరు అడిగితే ఎవరికి పట్టింది! అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కిలో తెల్ల బియ్యంలో కాడ్మియం 0.4 మిల్లీగ్రాములు, విషపు రూపంలోని ఆర్సెనిక్ 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు.

పాలమూరు చెరువుల కింది రైతుకు మూసీ బెడద లేదు గానీ నీళ్లు నిలిపితే మట్టిలో మార్పు అక్కడా ఇదే. అక్కడ తిప్పలు పెట్టేది జింకు. నీళ్లు నిలిచిన మడిలో అది పైరుకు సరిగా అందదు, అందుకే ఆఖరి దమ్ములో ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు వేయమంటారు.

ఇంట్లో ఆడవాళ్లకు ఒక మాట. ఎక్కువ నీళ్లలో వండి గంజి వారిస్తే బియ్యంలోని ఆర్సెనిక్ చాలావరకు గంజితో పోతుంది, వండే నీళ్లు మంచివై ఉండాలి. కాడ్మియం అట్లా పోదు. ఆర్సెనిక్ గింజలో కంటే గడ్డిలో ఎక్కువ చేరుతుంది కనుక పరీక్షకు పట్టుకెళ్లేటప్పుడు గుప్పెడు వరిగడ్డి కూడా సంచిలో వేసుకోండి.