బుల్లి కారు... పెద్దదైపోయింది!

ముందు ఇద్దరు పెద్దలు, వెనక ఇద్దరు పిల్లలు... అంతే, కారు నిండిపోయేది! చూసినవాళ్లు బొమ్మకారు అనుకునేవారు. 2001లో బెంగళూరు రోడ్లమీదికి వచ్చిన విద్యుత్‌ కారు 'రేవా' అది. చేతన్‌ మైనీ బృందం తయారుచేసింది. రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే చాలు, మర్నాడు 80 కిలోమీటర్ల దాకా తిరిగేయొచ్చు. పెట్రోలు బంకుతో పనేలేదు. అయినా మనవాళ్లు పెద్దగా కొనలేదు. ఇంచుమించు ఆ డబ్బుకే ఇంటిల్లిపాదీ పట్టే మారుతీ వచ్చేది మరి!

లండన్‌వాసులు మాత్రం ముచ్చటపడ్డారు. అక్కడ దాని పేరు 'జీ-విజ్‌'. నగరం నడిబొడ్డుకి వెళ్లే కార్లు కట్టాల్సిన రద్దీ పన్ను అప్పట్లో దీనికి మాఫీ అయ్యేది. కొన్నిచోట్ల పార్కింగూ ఉచితంగానే ఉండేది.

రేవాలో ఉన్నవి బరువైన లెడ్‌ యాసిడ్‌ బ్యాటరీలు. 2009లో లిథియం రకం తెచ్చారు. 2010లో సంస్థ మహీంద్రా చేతికి వెళ్లింది. 2013లో వచ్చిన 'ఈటూవో' వంద కిలోమీటర్లు నడిచేది కానీ తలుపులు రెండే. వెనక్కి ఎక్కాలంటే ముందు సీటు వంచాల్సిందే! 2016లో 'ఈటూవో ప్లస్‌'కి నాలుగు తలుపులు పెట్టినా అమ్మకాలు అంతంతమాత్రమే. అక్కడితో మహీంద్రా చిన్న కార్ల దారి వదిలేసింది. 2023లో 'ఎక్స్‌యూవీ 400', 2024 నవంబరులో 'బీఈ 6' వచ్చాయి. బీఈ 6లో పెద్ద బ్యాటరీ ఉన్న రకం ఒక్క ఛార్జింగ్‌తో 500 కిలోమీటర్లు దాటుతుంది. ధర మాత్రం దాదాపు 19 లక్షల నుంచి మొదలైంది.

రేవా పొడవు 2.6 మీటర్లు, బీఈ 6ది దాదాపు 4.4. మూడు మీటర్లలోపు ఉండే రెండు తలుపుల విద్యుత్‌ కారుని 2023లో మళ్లీ మన మార్కెట్లోకి తెచ్చింది వేరే కంపెనీ... ఎంజీ. దాని పేరు 'కామెట్‌'.