నడిపించి చూస్తే తెలిసిపోదా?



మీ సహకారంతో నడుస్తున్న సాయంత్రపు క్లాసుల్లో లెక్కలు చెప్పే ఉపాధ్యాయులం మేము. పాసైన పిల్లల సంఖ్యలు, మార్కులు మీకు నివేదికలో కనిపిస్తాయి. క్లాసులో పుట్టిన ప్రశ్నలు మాత్రం నివేదికలోకి రావు. ఈ ఏడాది అలాంటి ఒక ప్రశ్న మమ్మల్ని కొన్ని వారాలు కూర్చోబెట్టి చదివించింది. దాన్ని మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

డిగ్రీ చివరి సంవత్సరం కంప్యూటర్ సైన్స్ చదువుతున్న ఒక అబ్బాయి తన ప్రాజెక్టు గురించి చెప్పాడు. "ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా అది చివరికి ఆగుతుందో, ఆగకుండా తిరుగుతూనే ఉంటుందో చెప్పే సాఫ్ట్‌వేర్ రాస్తాను సార్. లోపల దాన్ని నడిపించి చూస్తే సరిపోతుంది కదా!" మాకు బాగుందనిపించింది. శభాష్ అన్నాం. మరుసటి వారం అదే క్లాసులోని ఒక అమ్మాయి లేచి, "అది కుదరదని మా సిలబస్‌లోనే ఉంది సార్" అంది. "పుస్తకంలో ఉంటే సరిపోతుందా? ఎందుకు కుదరదో చెప్పు" అన్నాడు అబ్బాయి. ఇద్దరి మాటా న్యాయంగానే ఉంది. చూసుకోకుండా శభాష్ అన్నది మేమే.

అసలు ప్రశ్న ఏమిటి?

ఒక పనిని మెట్టు మెట్టుగా చేసే పద్ధతిని ఆల్గరిథమ్ అంటారు. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో పనిచేసిన గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ పేరు లాటిన్‌లోకి వెళ్లి ఈ మాటగా మారింది. ఆ మెట్లను కంప్యూటర్‌కు అర్థమయ్యే భాషలో రాస్తే ప్రోగ్రామ్ అవుతుంది.

"10 నుంచి ఒక్కొక్కటి తగ్గించు, 0 రాగానే ఆగు" అనే ప్రోగ్రామ్ ఆగుతుంది. "10 నుంచి రెండేసి పెంచు, 0 రాగానే ఆగు" అనేది ఎప్పటికీ ఆగదు. ఈ రెండూ చూడగానే తెలుస్తాయి. మూడోది చూడండి: "4 నుంచి మొదలుపెట్టి ఒక్కో సరిసంఖ్యనూ తీసుకో. అది రెండు ప్రధాన సంఖ్యల మొత్తం కాకపోతే ఆగు." 8 అంటే 3, 5ల మొత్తం. 10 అంటే 3, 7ల మొత్తం. ప్రతి సరిసంఖ్యా ఇలాగే ఉంటుందన్న ఊహ 1742లో గోల్డ్‌బాక్ అనే గణితవేత్త ఆయిలర్‌కు రాసిన ఉత్తరం నుంచి వచ్చింది. 4 పక్కన 18 సున్నాలు పెట్టినంత సంఖ్య దాకా కంప్యూటర్లతో పరీక్షించారు, ఎక్కడా తప్పలేదు. అయినా ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు. అంటే ఈ చిన్న ప్రోగ్రామ్ ఆగుతుందో లేదో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

ఏ ప్రోగ్రామ్ ఇచ్చినా తప్పులేకుండా ఆగుతుంది, ఆగదు అని తేల్చే ఒకే పద్ధతి ఉందా అన్నదే హాల్టింగ్ ప్రాబ్లమ్.

నడిపించి చూడటంలో చిక్కు

ఒక ప్రోగ్రామ్‌ను మరో ప్రోగ్రామ్ లోపల నడిపించి చూడటాన్ని సిమ్యులేషన్ అంటారు. బస్టాండులో బస్సు కోసం నిలబడటం లాంటిది ఇది. బస్సు వస్తే వచ్చిందని ఖాయంగా చెప్పవచ్చు. గంటసేపు రాకపోతే ఇక రాదని చెప్పగలమా? తర్వాతి నిమిషంలోనే రావచ్చు. అలాగే సిమ్యులేషన్‌లో ప్రోగ్రామ్ ఆగితే జవాబు దొరుకుతుంది. ఆగకపోతే ఎంతసేపు చూసినా "ఇంకా ఆగలేదు" అన్నంత వరకే తెలుస్తుంది.

అబ్బాయి దీనికి జవాబు తెచ్చాడు. "నడుస్తున్న ప్రోగ్రామ్ ఒకసారి ఉన్న స్థితికే అచ్చంగా మళ్లీ వస్తే, అది గానుగెద్దులా తిరుగుతోందని తెలుస్తుంది కదా సార్. అప్పుడు ఆగదని చెప్పేస్తాను." ఇది మంచి ఆలోచనే. అయితే గోల్డ్‌బాక్ ప్రోగ్రామ్‌లో సంఖ్య పెరుగుతూ పోతుంది, పాత స్థితి మళ్లీ రాదు. నిజమైన కంప్యూటర్ మెమరీకి హద్దు ఉంటుంది కాబట్టి స్థితి ఎప్పుడో ఒకప్పుడు తిరిగి రావాల్సిందే అన్నాడు. అదీ నిజమే. కానీ 20 బిట్ల మెమరీకే 10,48,576 స్థితులు ఉంటాయి. 38 ఇంగ్లీషు అక్షరాలు పట్టే 304 బిట్లకైతే ఆ సంఖ్య, మనకు కనిపించే విశ్వంలో ఉంటాయని అంచనా వేసే అణువుల సంఖ్యను దాటిపోతుంది. అన్ని స్థితులూ తిరిగి వచ్చేదాకా ఎదురుచూడటం ఎవరి తరమూ కాదు.

మొండి ప్రోగ్రామ్

కాలం ఎంత పట్టినా సరే, మెమరీ ఎంత కావాలన్నా ఇస్తాం అనుకుందాం. అప్పుడూ కుదరదని 1936లో ఇంగ్లండుకు చెందిన అలన్ ట్యూరింగ్ ప్రచురించిన వ్యాసంలోని వాదన చెబుతుంది. అప్పటికి ఆయనకు 24 ఏళ్లు. ఏ యంత్రాన్నయినా అనుకరించి నడిపించగల యంత్రాన్ని వర్ణించింది కూడా ఆ వ్యాసంలోనే. అంటే సిమ్యులేషన్‌కు దారి చూపినవాడే దాని హద్దునూ చూపించాడు.

ఆ వాదనను ఈనాటి మాటల్లో చెబుతాం. ఎప్పుడూ తప్పు చెప్పని "తనిఖీ" అనే ప్రోగ్రామ్ ఉందనుకోండి. దాన్ని లోపల పెట్టుకుని "మొండి" అనే ప్రోగ్రామ్ రాస్తాం. మొండి తన గురించే తనిఖీని అడుగుతుంది. "నువ్వు ఆగుతావు" అంటే ఆగకుండా తిరుగుతుంది. "ఆగవు" అంటే వెంటనే ఆగుతుంది. తనిఖీ ఏ జవాబు చెప్పినా అది తప్పే. ఏ జవాబూ చెప్పకపోతే అది తేల్చినట్టే కాదు.

అబ్బాయి ఒప్పుకోలేదు. "తనిఖీ మొండిని నడిపిస్తుంది. ఆ మొండి లోపల మళ్లీ తనిఖీని పిలుస్తుంది, ఆ తనిఖీ మళ్లీ మొండిని నడిపిస్తుంది. అద్దం ఎదురుగా అద్దం పెట్టినట్టు దీనికి అంతే లేదు. నా తనిఖీ ఆ సంగతి కనిపెట్టి, మధ్యలో ఆపేసి 'ఆగదు' అంటుంది. అది నిజమే కదా సార్!" నిజం చెప్పాలంటే ఆ రోజు మా దగ్గర సమాధానం లేదు. రేపు చెబుతామని క్లాసు ముగించాం.

మరునాడు మేము సుద్దముక్క తీసుకునేలోపే ఆ అమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చింది. "మొండి లోపల ఉన్నదీ అదే తనిఖీ కదా. బయటిది మధ్యలో ఆపి 'ఆగదు' అనేదైతే, లోపలిదీ అలాగే ఆపి 'ఆగదు' అంటుంది. ఆ మాట వినగానే మొండి ఆగిపోతుంది. నువ్వు ఆగదన్నది ఆగింది. అంతులేకుండా తిరిగేది వేరే మొండి. మధ్యలో ఆపడం తెలియని తనిఖీని లోపల పెట్టుకున్న మొండి అది. మనం అడిగింది దాని గురించి కాదు." అబ్బాయి చాలాసేపు బోర్డు వైపే చూసి, "తనిఖీని ఇంకా తెలివిగా రాస్తే?" అన్నాడు. "దాన్ని పెట్టుకుని కొత్త మొండిని రాస్తాను" అంది. పాత మొండి సంగతి కొత్త తనిఖీకి తెలియవచ్చు. కానీ ప్రతి తనిఖీకీ తనకంటూ ఒక మొండి ఉంటుంది. వాదన అక్కడ తేలింది.

అయితే ప్రయత్నం వృథానా?

కాదు. 1962లో టిబోర్ రాడో అనే గణితవేత్త ఒక పోటీ ప్రతిపాదించాడు. ఖాళీ టేపు మీద మొదలై, ఎక్కువ అడుగులు నడిచి చివరికి ఆగే చిన్న యంత్రం ఏది? దీన్ని బిజీ బీవర్ అంటారు. 5 స్థితుల యంత్రాలే సుమారు 16.7 లక్షల కోట్లు ఉంటాయి. వాటిలో 4,71,76,870 అడుగుల తర్వాత ఆగే యంత్రం 1989లో దొరికింది. అది ఆగిందని నడిపించి చూస్తే తెలిసింది. అంతకన్నా ఎక్కువ నడిచి ఆగేది మరొకటి లేదని తేల్చడానికి మాత్రం 2024 దాకా పట్టింది. అనేక దేశాల ఔత్సాహికులు కలిసి, మిగిలిన మొండి యంత్రాలు ఎందుకు ఆగవో రకరకాల పద్ధతులతో రుజువు చేసి, ఆ రుజువును కంప్యూటర్‌తో సరిచూపించారు. ఆగేదాన్ని పట్టుకోవడానికి ఓపిక చాలింది, ఆగదని చెప్పడానికి రుజువు కావాల్సి వచ్చింది. ఆ రుజువులు అన్నిటికీ తయారుచేసి పెట్టే ఒకే యంత్రం ఉండదన్నదే హాల్టింగ్ ప్రాబ్లమ్ చెప్పే మాట. ఒక్కో ప్రోగ్రామ్‌కు రుజువు వెతకవద్దని అది చెప్పదు.

అబ్బాయి ప్రాజెక్టు మానలేదు. అతని సాఫ్ట్‌వేర్ ఇప్పుడు మూడు జవాబులు ఇస్తుంది: ఆగుతుంది, ఆగదు, తేల్చలేకపోయాను. మొదటి రెండూ ఖాయంగా తెలిసినప్పుడే చెబుతుంది. మూడో జవాబు పెట్టినందుకు మార్కులు తగ్గుతాయేమోనని భయపడ్డాడు. ఎందుకు పెట్టావో రాసి ఇవ్వమన్నాం. ఆ నాలుగు పేజీలు రాయడానికి అమ్మాయి సాయం చేసింది.

మేము కూడా క్లాసులో ఒక మాట చెప్పాం. మొదటి రోజు శభాష్ అన్నది తొందరపాటు అనీ, తెలియనప్పుడు తెలియదని చెప్పి చదువుకుని రావడమే సరైన పద్ధతి అనీ. మీరిస్తున్న సాయంతో ఈ గదిలో బల్లలు, లైట్లు, పుస్తకాలు సమకూరాయి. వాటి మధ్య ఇలాంటి వాదనలూ జరుగుతున్నాయని మీకు తెలియాలని ఇది రాశాం. వీలున్న సాయంత్రం ఒకసారి వచ్చి వెనక బల్ల మీద కూర్చోండి.