నీటి అడుగున వెలుగు నిలవాలంటే: డైవ్ లైట్లను ఎంతవరకు నమ్మవచ్చు?

సూరత్ నగరంలో తాపీ నది కుడి గట్టున ఉన్న ప్రాంతం అడాజన్. ఎగువన సింగన్‌పోర్, రాందేర్‌లను కలిపే కాజ్‌వే దాటాక నది సముద్రపు ఆటుపోట్ల అధీనంలోకి వస్తుంది. ఖంభాత్ సింధుశాఖలో పోటు లేచినప్పుడల్లా ఒండ్రు కలిసిన నీరు నగరం వైపు ఎగదన్నుతుంది. ఇటువంటి నీటిలో దిగిన గజ ఈతగాడికి లోతు కంటే ముందే చీకటి ఎదురవుతుంది. తన చెయ్యి తనకు కనిపించాలన్నా చేతిలోని దీపమే ఆధారం.

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు విడుదలైనప్పుడు అడాజన్, రాందేర్ సహా సూరత్‌లో అధిక భాగం మునిగిపోయింది. ఇక్కడి వస్త్ర పరిశ్రమలో తరాలుగా పనిచేస్తున్న తెలుగు కుటుంబాలకు తాపీ వరద ఎంత పరిచితమో, తెలుగు రాష్ట్రాల ప్రజలకు గోదావరి, కృష్ణా వరదలు అంత పరిచితం. ప్రమాద సమయంలో నీటి అడుగున గాలించే సిబ్బందికి దీపం ఆరిపోవడం చిన్న అసౌకర్యంగా మిగలదు. దారి తప్పడానికి, కొన్ని సందర్భాల్లో ప్రాణాపాయానికి కూడా అదే మొదటి మెట్టు.

మరి బజారులో "100 మీటర్ల లోతు వరకు" అని ముద్రించి అమ్మే డైవ్ లైటును ఎంతవరకు నమ్మవచ్చు? అది ఎక్కడ, ఎందుకు విఫలమవుతుంది?

నీటి భారం ఎంత?

నీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో చొప్పున భారం పెరుగుతూ పోతుంది. డైవ్ లైటు ముందుభాగంలోని అద్దం వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకుందాం. దాని వైశాల్యం దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. అంటే 10 మీటర్ల లోతులో ఆ అద్దంపై పడే భారం 20 కిలోలు. వినోదం కోసం డైవింగ్ చేసేవారికి గరిష్ఠ పరిమితిగా చెప్పే 40 మీటర్ల వద్ద 80 కిలోలు. 100 మీటర్ల వద్ద 200 కిలోలు. ఆరు కిలోమీటర్ల లోతుకు వెళితే అదే చిన్న అద్దం సుమారు 12 టన్నుల భారాన్ని మోయాలి.

మనిషి శరీరం చాలావరకు ద్రవమయం. పైగా డైవర్ పీల్చే గాలి కూడా చుట్టూ ఉన్న నీటి పీడనానికి సమానంగానే అందుతుంది. అందువల్ల లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సరితూగుతాయి. దీపం సంగతి వేరు. గట్టు మీద మూత బిగించినప్పుడు లోపల చిక్కిన గాలి అదే సాధారణ పీడనంలో ఉంటుంది. బయట నీరు ఎంత నొక్కినా లోపలి నుంచి ఎదురు నిలిచేది ఏదీ లేదు. ఆ తేడా మొత్తాన్ని అద్దం, లోహపు గొట్టం, వాటి మధ్య ఉన్న సన్నని రబ్బరు వలయం భరించాలి.

బలహీనత ఎక్కువగా అతుకులోనే

ఆ రబ్బరు వలయాన్ని 'ఓ-రింగ్' అంటారు. మన వంటింటి ప్రెషర్ కుక్కర్ మూతలోని గాస్కెట్ చేసే పనినే ఇది బయటి నీటికి ఎదురుగా చేస్తుంది. లోహంలో చెక్కిన గాడిలో ఓ-రింగ్ కొద్దిగా నలిగి కూర్చుంటుంది. నీరు నొక్కినకొద్దీ అది గాడి అవతలి అంచుకు మరింత గట్టిగా అతుక్కుంటుంది. అంటే ఒక హద్దు వరకు పీడనం పెరిగేకొద్దీ బిగువు కూడా పెరుగుతుంది.

దీనివల్ల వినడానికి వింతగా తోచే ఒక ఫలితం ఉంది. శుభ్రంగా లేని ఓ-రింగ్ ఉన్న దీపంలోకి నీరు తరచుగా మొదటి కొద్ది మీటర్లలోనే చేరుతుంది. అక్కడ వలయాన్ని గట్టిగా నొక్కి పట్టేంత పీడనం ఇంకా ఉండదు. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు, తువ్వాలు నుంచి ఊడిన ఒక దారప్పోగు ఉంటే చాలు, నీటికి దారి ఏర్పడుతుంది. కనుక లోతుకు తగిన దీపాన్ని కొన్నంత మాత్రాన పని పూర్తికాదు. మూత బిగించేవారి జాగ్రత్త కూడా ఆ దీపంలో ఒక భాగమే.

మరీ ఎక్కువ లోతులో సమస్య మరో రూపంలో వస్తుంది. లోహపు భాగాల మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులోకి మెత్తని రబ్బరును నీరు తోసివేస్తుంది. అంచులు తెగి వలయం పాడవుతుంది. అందుకే లోతైన పనులకు మరింత గట్టి రబ్బరును, వలయం వెనుక ఆనుగా మరో గట్టి వలయాన్ని అమరుస్తారు.

స్విచ్ మరొక బలహీన స్థానం. నొక్కే బొత్తాం లోపలికి వెళ్లాలంటే గొట్టానికి రంధ్రం పెట్టాలి. ప్రతి రంధ్రమూ నీటికి ఒక అవకాశం. చాలా డైవ్ లైట్లలో అయస్కాంతపు స్విచ్ వాడడానికి కారణం ఇదే. బయట తిరిగే వలయంలో అయస్కాంతం ఉంటుంది. దాని ప్రభావాన్ని లోపలి పరికరం గోడ గుండానే గ్రహిస్తుంది. కాబట్టి గొట్టానికి రంధ్రమే అవసరం ఉండదు.

'ఐపీ68' ఉంటే సరిపోతుందా?

మొబైల్ ఫోన్లపైనా, టార్చిలైట్లపైనా కనిపించే ఐపీ67, ఐపీ68 గుర్తులు నీటి నుంచి రక్షణను సూచిస్తాయి. ఐపీ67 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచినా హాని కలగకూడదు. ఐపీ68 అంటే అంతకంటే కఠినమైన పరీక్ష. అయితే లోతు ఎంత, సమయం ఎంత అన్నది తయారీదారు ప్రకటించాలి. ఒకరి ఐపీ68 మరొకరి ఐపీ68తో సమానం కాకపోవచ్చు.

ఈ పరీక్షల్లో వస్తువు నిశ్చలమైన మంచినీటిలో ఉంటుంది. డైవర్ చేతిలోని దీపం కదులుతుంది, రాళ్లకు తగులుతుంది, ఉప్పునీటిలో నానుతుంది, రోజుకు పలుమార్లు పీడనం పెరిగి తగ్గే మార్పును ఎదుర్కొంటుంది. అందువల్ల ఐపీ68 టార్చిలైటు వరదలో వీధి దాటడానికి పనికి రావచ్చు గాని, నీటి అడుగున గాలింపుకు పనికివస్తుందని భావించరాదు.

డైవర్ల గడియారాల విషయంలో ఐఎస్ఓ 6425 ప్రమాణం ఒక మంచి పద్ధతిని పాటిస్తుంది. గడియారంపై రాసిన లోతుకు తగిన పీడనం కంటే 25 శాతం ఎక్కువ పీడనంలో దానిని పరీక్షిస్తారు. దీపం కొనేవారు కూడా ఇదే ప్రశ్న అడగవచ్చు: పెట్టెపై ఉన్న అంకె దీపం తట్టుకున్న చివరి హద్దా, లేక కొంత మిగులు ఉంచి చెప్పినదా?

నీరు చేరిన దీపాన్ని తెరిచేటప్పుడు

ఎల్ఈడీలు రాకతో డైవ్ లైట్లలో సున్నితమైన తీగ ఉన్న బల్బులు దాదాపు కనుమరుగయ్యాయి. కుదుపుకు తీగ తెగే సమస్య తీరింది. వేడి సమస్య మాత్రం మిగిలింది. శక్తిమంతమైన డైవ్ లైట్లు తమ వేడిని చుట్టూ ఉన్న నీటికి వదిలేలా తయారవుతాయి. గట్టు మీద ఎక్కువసేపు వెలిగించి ఉంచితే అవి అతిగా వేడెక్కుతాయి. లోపలి భాగాల ఆయువు తగ్గుతుంది.

నీరు చేరిన దీపం మరో ప్రమాదాన్ని తెస్తుంది. లోతులో నీరు చొరబడినప్పుడు లోపలి గాలి కుంచించుకుపోయి అధిక పీడనానికి చేరుతుంది. తడిసిన బ్యాటరీ నుంచి కూడా వాయువులు వెలువడవచ్చు. పైకి వచ్చాక ఆ పీడనం లోపలే చిక్కుకుపోతే, మూత విప్పుతుండగా అది తూటాలా ఎగిరిపడే అవకాశం ఉంది. అందుకే నీరు చేరినట్లు అనుమానం ఉన్న దీపాన్ని ముఖానికి, ఇతరులకు దూరంగా పట్టుకుని, మెల్లగా తెరవాలి. ఉబ్బిన లేదా తడిసిన లిథియం బ్యాటరీని మళ్లీ ఛార్జింగ్‌కు పెట్టరాదు.

కచ్చులూరులో కాంతికి ఎదురైన హద్దు

దీపం ఆరకుండా వెలిగినంత మాత్రాన అన్నీ కనిపిస్తాయా? దీనికి గోదావరి ఇచ్చిన సమాధానం తెలుగువారికి ఇంకా గుర్తుంది. 2019 సెప్టెంబర్ 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పాపికొండల యాత్రకు వెళుతున్న 'రాయల్ వశిష్ఠ' బోటు వరద ప్రవాహంలో మునిగిపోయింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. బోటు 200 అడుగులకు మించిన లోతుకు చేరింది. ఆ లోతులో మనం చెప్పుకున్న 5 సెంటీమీటర్ల అద్దంపై పడే భారం 120 కిలోలకు పైమాటే. ఆ భారాన్ని తట్టుకునే దీపాలు దొరుకుతాయి. అయితే సుడులు తిరిగే ప్రవాహం, అడుగున పేరుకున్న బురద గాలింపు బృందాలకు పెద్ద అడ్డంకులయ్యాయి.

మంచు కమ్మిన రోడ్డుపై వాహనం హైబీమ్ వేస్తే ఎదుట తెల్లని గోడ నిలిచినట్లవుతుంది. బురదనీటిలోనూ అంతే. కాంతి రేణువులకు తగిలి తిరిగి కంటిలోకే వస్తుంది. దీపం శక్తి పెంచినకొద్దీ ఆ గోడ మరింత మెరుస్తుంది. అందుకే ఇటువంటి నీటిలో వెడల్పుగా పరచుకునే వెలుగు కంటే సన్నని కిరణం మేలు. దీపాన్ని తలకు ఆనించి కాక, కంటి చూపుకు పక్కగా, కొంత దూరంగా పట్టుకుంటే తిరిగివచ్చే వెలుగు తగ్గుతుంది.

కచ్చులూరులో బోటు జాడ కోసం కాంతిని కాక, ధ్వనిపై ఆధారపడే సోనార్ పరికరాలను వాడారు. చివరకు కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం తాళ్లు, లంగర్లు, డైవర్ల సహాయంతో అక్టోబర్ 22న బోటును బయటకు తీసింది. బురదనీటిలో వెదకడానికి సోనార్, దారికి తాడు, దగ్గరి పనికి దీపం అన్నది అక్కడ స్పష్టమైన పని విభజన.

ఆరు కిలోమీటర్ల అడుగున

మనిషి నేరుగా వెళ్లలేని లోతుల్లోనూ దీపం తప్పనిసరి. సముద్రంలో 1,000 మీటర్లు దాటితే సూర్యకాంతి చేరదు. విశాఖపట్నంలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ నిర్మించిన ఐఎన్ఎస్ నిస్తార్ 2025 జులై 18న నౌకాదళంలో చేరింది. 300 మీటర్ల వరకు డైవర్లను, 1,000 మీటర్ల వరకు మానవరహిత వాహనాలను పంపగల నౌక ఇది. సముద్రయాన్ కార్యక్రమంలో భాగంగా చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందిస్తున్న మత్స్య-6000 ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకువెళ్లడానికి ఉద్దేశించినది. వారు కూర్చునే టైటానియం గోళం గోడ మందం 80 మిల్లీమీటర్లు.

అంత మందమైన గోడను ప్రతి దీపానికీ కట్టడం కష్టం. అందుకే లోతైన సముద్రానికి ఇంజినీర్లు మరో మార్గం కనుగొన్నారు. దీపం లోపల గాలికి బదులు విద్యుత్తును ప్రసరింపనివ్వని నూనె నింపుతారు, లేదా ఎల్ఈడీలను పారదర్శకమైన రెసిన్‌లో పోతపోస్తారు. ద్రవాలు, ఘనపదార్థాలు గాలిలా సులభంగా కుంచించుకుపోవు. నూనె నింపిన దీపంలో బయటి పీడనం ఒక సాగే పొర ద్వారా లోపలి నూనెకు చేరుతుంది. రెండువైపులా ఒత్తిడి సమానమైతే గోడకు పని తగ్గుతుంది. ఎదిరించడం కంటే సరితూగడం మేలన్న ఆలోచన ఇది.

అక్కడ కూడా బురద ఉండనే ఉంది. 1960 జనవరి 23న జాక్ పికార్డ్, డాన్ వాల్ష్ 'ట్రియెస్ట్' నౌకలో మరియానా అగాధం అడుగుకు చేరారు. దిగుతుండగా పీడనానికి కిటికీ బయటి పలక ఒకటి పగిలింది. అడుగున నౌక ఆనగానే రేగిన మెత్తని మట్టి వల్ల ఛాయాచిత్రాలు తీయడం సాధ్యం కాలేదు.

ఒక్క దీపం చాలదు

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా ఏ దీపమూ ఎన్నటికీ ఆరదని చెప్పలేము. అందుకే జలమయమైన గుహల్లోకి వెళ్లే డైవర్లు కనీసం మూడు దీపాలు ఉండాలని నియమం పెట్టుకున్నారు. ఒకటి ప్రధానమైనది, రెండు అత్యవసరానికి. ఏ ఒక్కటి విఫలమైనా మిగిలినవాటి వెలుగులో వెంటనే వెనుదిరగాలి.

ఉదాహరణకు ఒక దీపం వందసార్లకు ఒకసారి విఫలమవుతుందని అనుకుందాం. ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు దీపాలు ఒకేసారి ఆరిపోయే అవకాశం పది లక్షల్లో ఒకటికి తగ్గుతుంది. కాని 'సంబంధం లేని' అన్నదే ఇక్కడ కీలకం. మూడింటినీ ఒకే పాత ఛార్జర్‌తో నింపి, ఒకే హడావుడిలో మూత బిగిస్తే ఆ లెక్క వర్తించదు. ఒకే పొరపాటు మూడింటినీ ఆర్పేయగలదు.

వెలుగు మొత్తం పోయినా దారి మిగలాలి. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో చిక్కుకున్న 12 మంది బాలురను, వారి శిక్షకుడిని కాపాడిన డైవర్లు దాదాపు ఏమీ కనిపించని నీటిలో, ముందుగా పరచిన తాడును పట్టుకునే రాకపోకలు సాగించారు.

ఇవి పాటించాలి

దీపాన్ని తేమ తక్కువగా ఉన్న గదిలో, పొడి చేతులతో మూయాలి. వర్షాకాలపు తేమ లోపల చిక్కితే చల్లని నీటిలో అద్దంపై ఆవిరి కడుతుంది. ఓ-రింగ్‌ను, గాడిని నూలుపోగులు వదలని గుడ్డతో తుడవాలి. తయారీదారు చెప్పిన గ్రీజును పలుచగా మాత్రమే రాయాలి. ఎక్కువ రాస్తే ఇసుక అంటుకుంటుంది. కొబ్బరినూనె, వాజ్‌లైన్ వంటివి వాడరాదు. వాటివల్ల కొన్నిరకాల రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పగుళ్లు, చదునుబారిన అంచులు కనిపిస్తే వలయాన్ని మార్చాలి. ఉప్పునీటిలో వాడిన తరువాత మంచినీటిలో కడిగి, పూర్తిగా ఆరాకే, అద్దం వైపు కిందికి వంచి తెరవాలి. అప్పుడు మిగిలిన నీటిబొట్టు లోపలికి జారదు.

వరద సహాయ బృందాలకు పరికరాలు కొనే అధికారులు, స్వచ్ఛంద సంస్థలు దీపం ఎంత ప్రకాశవంతమైనదని అడగడంతో ఆగిపోకూడదు. ఏ పీడనంలో, ఎన్నిసార్లు పరీక్షించారో, విడి ఓ-రింగులు దొరుకుతాయో లేదో, వాటిని మార్చడం ఎవరికి నేర్పారో కూడా తెలుసుకోవాలి. తాపీ అయినా గోదావరి అయినా, వరద వచ్చిన రాత్రి ఆ దీపాలు వెలుగుతాయా లేదా అన్నది అంతకు కొన్ని నెలల ముందు వాటిని ఎలా కొని, ఎలా భద్రపరిచారన్న దానిపైనే ఆధారపడి ఉంటుంది.