కొత్త గేమ్ వచ్చింది... ఇప్పుడే కొనాలా?

ప్లేస్టేషన్ 5కి వచ్చే పెద్ద గేమ్ మన దగ్గర దాదాపు అయిదు వేలు. స్టోర్‌లో 4,999 అన్న అంకె కనిపించగానే ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. ఇంటర్ చదివే పిల్లాడికి అది పుట్టినరోజు కానుక మొత్తం. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడికి హాస్టల్ ఖర్చులో పెద్ద వాటా. ఏడాది ఆగితే అదే గేమ్ సగం ధరకు వస్తుందని ఇద్దరికీ తెలుసు. అయినా మనసు ఆగదు. ఆగకపోవడం తప్పని నేననను. ఎందుకు ఆగట్లేదో తేల్చుకుంటే మాత్రం ఏ గేమ్‌కు డబ్బు పెట్టాలో, దేనికి పెట్టకూడదో అక్కడే తేలిపోతుంది.

విడుదల రోజు కట్టే సొమ్ములో సగం ఆ రోజు కోసమే. బెనిఫిట్ షో టికెట్ లాంటిదది. అయితే సినిమాకీ గేమ్‌కీ ఒక పెద్ద తేడా ఉంది. రెండు నెలల తర్వాత ఓటీటీలో చూసినా అదే సినిమా. గేమ్ అలా కాదు, చాలాసార్లు ఆగినకొద్దీ బాగుపడుతుంది. అంటే తొందరపడినవాళ్లు ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ సరుకు ఇంటికి తెచ్చుకుంటున్నారు.

దీనికి ‘సైబర్‌పంక్ 2077’ని మించిన ఉదాహరణ లేదు. 2020 డిసెంబరు 10న అది విడుదలయ్యేసరికే ఎనభై లక్షల మంది ముందుగా డబ్బు కట్టేశారు. రివ్యూలు రాసేవాళ్లకు కంపెనీ ముందుగా ఇచ్చింది పీసీ కాపీ ఒక్కటే. పీఎస్4 మీద ఆట ఎలా నడుస్తుందో కొన్నవాళ్లకు ఇంటికొచ్చాకే తెలిసింది. మనుషులు గోడల్లోంచి నడిచారు, బొమ్మలు మసకబారాయి, గేమ్ మధ్యలోనే ఆగిపోయింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్ నుంచే తీసేసి డబ్బు వెనక్కిస్తానంది. తిరిగి పెట్టింది 2021 జూన్‌లో. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ తర్వాతగానీ అది మొదట్లో మాటిచ్చిన గేమ్ కాలేదు. అప్పటికి సేల్‌లో సగం ధరకే దొరుకుతోంది. ఇంత జరిగాక కూడా జనం ప్రీ-ఆర్డర్ చేస్తుంటే నాకు బాధేస్తుంది. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్‌కు స్టాకు అయిపోవడం అంటూ లేదు కదా! ముందుగా కట్టి ఏం దక్కించుకుంటున్నట్టు?

అలాగని విడుదల రోజుకు విలువే లేదనుకోవద్దు. 2022 ఫిబ్రవరి 25న ‘ఎల్డెన్ రింగ్’ వచ్చిన తొలి వారాలే చూడండి. ఎక్కడ ఏముందో ఎవరికీ తెలియదు. ఆడేవాళ్లు నేల మీద చిన్న సందేశాలు రాసిపెట్టి వెళ్లొచ్చు, వెనకొచ్చేవాళ్లకు అవి కనిపిస్తాయి. ముందు గొయ్యి ఉందని ఒకరు హెచ్చరిస్తారు, ఈ గోడ ఉత్తిదే కొట్టి చూడమని ఇంకొకరు. ఆ రెండోవాడు నిజమే చెబుతున్నాడో, ఆటపట్టిస్తున్నాడో కొట్టి చూస్తేగానీ తెలియదు. రాత్రి దొరికిన దారిని పొద్దున్నే స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పుకోవడం ఆ వారాల్లోనే కుదిరింది. ఏడాది తర్వాత కొన్నవాడికి గేమ్ అదే, కానీ ప్రతి మలుపుకూ అప్పటికే యూట్యూబ్‌లో ఒక వీడియో ఉంది. నలుగురితో కలిసి ఆడేవాటికీ ఇదే వర్తిస్తుంది. 2024లో ‘హెల్‌డైవర్స్ 2’ వచ్చినప్పుడు మీ జట్టంతా అందులో ఉంటే, ఏడాది తర్వాత చవగ్గా కొని ఒంటరిగా దిగడంలో అర్థం లేదు. కాబట్టి నేను చూసేది ఒక్కటే: ఈ నెలలో దీని గురించి నాతో మాట్లాడేవాళ్లు, నాతో ఆడేవాళ్లు ఉన్నారా? ఉంటే పూర్తి ధర దండగ కాదు. ఒక్కణ్నే కూర్చుని ఆడుకునే కథ అయితే విష్‌లిస్టులో పడేసి, జూన్ చివర్లోనో డిసెంబరులోనో పీసీ గేమ్‌ల స్టోర్ స్టీమ్ పెట్టే సేల్ కోసం ఆగుతాను.

రీఫండ్ సంగతి తెలియక నష్టపోయేవాళ్లు ఎక్కువ. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే డబ్బు అడగొచ్చు. అయితే గేమ్ తెరిచి ఉన్న ప్రతి నిమిషమూ ఆ లెక్కలోకే వస్తుంది. 2023లో ‘ది లాస్ట్ ఆఫ్ అజ్ పార్ట్ 1’ పీసీకి వచ్చినప్పుడు, మొదటి సీను మొదలవకముందే షేడర్ల (తెర మీద దృశ్యాలు గీసే చిన్న ప్రోగ్రాముల) తయారీ ఆ రెండు గంటల్లో చాలా సమయం తినేసింది. ప్లేస్టేషన్ స్టోర్‌లో నిబంధన ఇంకా గట్టిది. డౌన్‌లోడ్ మొదలుపెట్టాక, గేమ్‌లో లోపం ఉంటే తప్ప వెనక్కివ్వరు.

అందుకే కన్సోల్ ఉన్నవాళ్లకు డిస్కు మేలంటాను. 2021లో పీఎస్5 మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు పెట్టుకునే రకం 49,990, డిజిటల్ రకం 39,990 రూపాయలు. మిగిలే పదివేలు చూసి కొందరు రెండోది తీసుకున్నారు. డిస్కు ఉన్నవాడు మాత్రం గేమ్ పూర్తిచేసి సికింద్రాబాద్ సీటీసీ లాంటి ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కు పట్టుకెళ్లి, ‘అన్నా, దీనికెంతిస్తవ్?’ అని అడగ్గలడు. విడుదలైన తొలి వారాల్లో సెకండ్‌హ్యాండ్ డిస్కుకు మంచి గిరాకీ. త్వరగా ఆడి అమ్మేసేవాడికి చివరికి పడే ఖర్చు, సేల్ దాకా ఆగినవాడి ఖర్చుకు దగ్గరగానే వస్తుంది.

ఇక ఎప్పుడూ సర్వర్‌కు కట్టుబడి ఉండే గేమ్‌లంటే నాకు భయం. 2014లో వచ్చిన ‘ది క్రూ’ సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు ఒంటరిగా కారు నడుపుకోవడానికి కూడా వీల్లేకుండా పోయింది.

పూర్తి ధర ఆలోచించకుండా పెట్టాల్సిన చోటు ఒకటుంది, విచిత్రంగా మనం బేరమాడేదీ అక్కడే. ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని ఎరిక్ బారోన్ అనే ఒక్క మనిషి ఏళ్ల తరబడి కూర్చుని చేశాడు. బొమ్మలూ సంగీతమూ కథా అన్నీ అతనివే. 2016లో వచ్చింది, ఇప్పటికీ మన దగ్గర అయిదు వందల లోపే, ఆ తర్వాతి అప్‌డేట్లన్నీ ఉచితం. పుణెలోని నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో ‘రాజీ’ని తెచ్చింది, మన పురాణాల నేపథ్యంతో. ఇలాంటివాటి మీద రెండు వందలు మిగిలితే మనకు ఒరిగేది పెద్దగా లేదు. చిన్న జట్టుకు మాత్రం తర్వాతి గేమ్ ఉంటుందా లేదా అన్నది ఆ అమ్మకాలే తేలుస్తాయి.

ఇప్పుడు అందరి చూపూ ‘జీటీఏ 6’ మీదే. 2026 నవంబరు 19న పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లకు తెస్తామని రాక్‌స్టార్ ప్రకటించింది. స్నేహితులంతా ఒకేసారి దిగే గేమ్ అది, పూర్తి ధర పెట్టినా నేను కాదనను. అయితే విడుదలయ్యాక రెండు రోజులు ఆగి, మీ దగ్గరున్న కన్సోల్ మీద ఎలా నడుస్తోందో చూశాకే కార్డు తీయండి. పీసీవాళ్లకు తొందరే లేదు. ‘జీటీఏ 5’ కన్సోళ్లకు 2013 సెప్టెంబరులో వస్తే పీసీకి రావడానికి 2015 ఏప్రిల్ దాకా పట్టింది. 2020 మేలో ఎపిక్ స్టోర్ దాన్నే ఉచితంగా పంచింది. ఈలోగా మంచి గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు కూడబెట్టుకోవచ్చు.