రాత్రి మంటకు మాత్ర - ఏది, ఎప్పుడు?

"పగలంతా బాగానే ఉంటుంది డాక్టరుగారూ! పడుకుంటేనే గొంతులోకి పుల్లగా ఎగదన్నుకొస్తుంది" అని చెప్పేవారు మా ఓ.పి.కి తరచుగా వస్తుంటారు. వీరిలో చాలామంది అప్పటికే మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర నెలల తరబడి వాడుతుంటారు. ఎప్పుడు వేసుకుంటున్నారని అడిగితే, "భోంచేసి, పడుకోబోయే ముందు" అంటారు. చిక్కంతా అక్కడే ఉంది.

రాత్రే ఎందుకు?

జీర్ణాశయానికీ అన్నవాహికకూ మధ్య ఒక కండరం తలుపులా పనిచేస్తుంది. అది సరిగా మూసుకోకపోతే ఆమ్లం పైకి వస్తుంది. పగలు నిటారుగా ఉంటాం కనుక అది త్వరగా కిందికి దిగిపోతుంది. మనం మింగే లాలాజలం మిగిలినదాన్ని కడిగేస్తుంది. నిద్రలో లాలాజలం ఊరటమూ, మింగటమూ బాగా తగ్గిపోతాయి. అందుచేత ఆమ్లం ఎక్కువసేపు నిలిచి మంట పుట్టిస్తుంది. కొందరికి పొడిదగ్గు, తెల్లవారేసరికి గొంతు బొంగురు కూడా ఉంటాయి.

ఏ మాత్ర ఎప్పుడు?

ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ వంటివి భోజనానికి అరగంట ముందు వేసుకోవాలి. ఆమ్లాన్ని ఊరించే కణాలు తిండి తినగానే పనిలోకి దిగుతాయి. ఆ సమయానికి మందు రక్తంలో ఉంటేనే వాటిని అదుపు చేస్తుంది. భోంచేశాక వేసుకుంటే పూర్తి ఫలితం ఉండదు.

ఫామోటిడిన్ వేరే తరగతికి చెందినది. దీన్ని పడుకునే ముందు వేసుకోవచ్చు. అయితే రోజూ వాడితే ఒకటి రెండు వారాల్లోనే శరీరం అలవాటు పడి, గుణం తగ్గుతుంది. కనుక అవసరమైన రాత్రులకే ఉంచుకోవటం మేలు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ఇదే తరగతికి చెందిన రానిటిడిన్‌లో క్యాన్సర్‌కు దారితీయగల మలినం కనిపించటంతో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ 2020లో దాన్ని మార్కెట్ నుంచి తీసివేయమని కోరింది. మన దేశం 2022లో అత్యవసర మందుల జాబితా నుంచి తొలగించింది. పాత చీటీ చూపించి ఇంకా అదే కొనుక్కుంటున్నవారు ఒకసారి డాక్టరును సంప్రదించండి.

మాత్రకంటే ముందు

రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటల వ్యవధి ఉంచండి. పది గంటలకు ఆవకాయ అన్నం తిని, టీవీ చూస్తూ పక్కమీద వాలితే ఏ మాత్ర మాత్రం ఏం చేస్తుంది? మంచానికి తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టి, 6 అంగుళాలు ఎత్తు చేయండి. దిండ్లు పేర్చుకుంటే నడుము వంగి పొట్ట నొక్కుకుంటుందే తప్ప లాభం లేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి. బొజ్జ తగ్గించండి. పొగ, మద్యం మానండి.

ఇది మరువకండి

గుండెపోటు కూడా మొదట "గ్యాస్" లాగే అనిపించవచ్చు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే మాత్ర వేసుకుని తెల్లవారేదాకా చూడకండి. వెంటనే 108కు ఫోన్ చేయండి. మింగటం కష్టం కావటం, బరువు తగ్గటం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి - వీటిలో ఏది కనిపించినా ఎండోస్కోపీ అవసరం కావచ్చు. ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.