మీకు తెలుసా? పడిశానికి చైనాలోనూ అల్లమే

పుష్యమాసంలో తెల్లవారుజామున నంద్యాల జిల్లా శిరివెళ్లలో బస్సు కోసం నిలబడితే, నల్లమల వైపు నుంచి వచ్చే చలిగాలి చెవుల్లో దూరుతుంది. రెండు రోజులకు ఇంట్లో ఒకరు తుమ్ముతారు, నాలుగు రోజులకు ఇల్లంతా తుమ్ముతుంది. అప్పుడు అవ్వ చెయ్యి పోపుల పెట్టె మీదికే పోతుంది. చైనాలో అవ్వలు కూడా వెతికేది దాదాపు అవే దినుసులు.

● చైనా వైద్యంలో పడిశానికి పేరుమోసిన కషాయం 'గ్వీజీ తాంగ్'. దాదాపు 1,800 ఏళ్ల కిందట ఝాంగ్ ఝోంగ్‌జింగ్ అనే వైద్యుడు చలిదెబ్బ జ్వరాల మీద రాసిన గ్రంథంలో ఉంది. దినుసులు అయిదే: దాల్చిన రెమ్మలు, పియోనీ అనే పూలమొక్క వేరు, అల్లం, చైనా రేగుపండు, అతిమధురం. ఒక్క పియోనీ తప్ప మిగతావో, వాటి దగ్గరి చుట్టాలో మన అంగళ్లలో దొరుకుతాయి.

నన్ను కట్టిపడేసింది మాత్రం దినుసులు కాదు, తాగించే పద్ధతి. ఏడు పాళ్ల నీళ్లు మూడు పాళ్లయ్యేదాకా సన్నసెగన మరిగించాలి. అందులో ఒక పాలు తాగాలి. కాసేపాగి వేడివేడి పలుచని గంజి తాగి, దుప్పటి కప్పుకుని పడుకోవాలి. ఒళ్లంతా సన్నగా చెమట పట్టాలి, ధారలు కట్టకూడదు. మా అవ్వ శొంఠి, మిరియాలు రోట్లో దంచి, తులసాకు, బెల్లం వేసి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసయ్యేదాకా కాచేది. "తాగి ముసుగు తన్ను నాయనా, చెమట పడితే దిగిపోతుంది" అనేది. ఆమె ఏ గ్రంథమూ చదవలేదు. ఇన్ని వేల మైళ్ల దూరంలో రెండు పల్లెలు ఒకే తీరున రోగిని సాకాయంటే, ఆ సాకడం మీద నాకు గౌరవం పెరుగుతుంది.

● మనకు అల్లం వేరు, శొంఠి వేరు. చైనా వైద్యులు కూడా పచ్చి అల్లాన్నీ ఎండినదాన్నీ రెండు మందులుగానే లెక్కపెట్టారు. పచ్చిది చెమట పట్టించడానికి, ఎండినది లోపలి చలిని, కడుపు చలవను పోగొట్టడానికి.

● శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిస్తే మన త్రికటుకం. పిప్పళ్లను చైనావాళ్లు 'బీబో' అంటారు. అది 'పిప్పలి' అనే మాటే, దినుసుతో పాటు ప్రయాణం చేసింది.

● 'లంఖణం పరమౌషధం' అని మనవాళ్లు ఊరికే అనలేదు. 7వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన చైనా బౌద్ధ భిక్షువు ఇజింగ్, ఇక్కడివాళ్లు జబ్బు చేస్తే ముందు తిండి మానేస్తారని శ్రద్ధగా రాసుకున్నాడు. పసిపిల్లలకూ ముసలివాళ్లకూ మాత్రం లంఖణాలు వద్దు. గంజో, మిరియాల చారుతో మెత్తటి అన్నమో కడుపులో పడాల్సిందే.

● చైనా భాషలో పడిశానికి ఉన్న పాత పేర్లలో ఒకదానికి 'గాలి దెబ్బ' అని అర్థం. మనం 'చలిగాలి తగిలింది' అంటాం. అసలు కారణం వైరస్సులు, అందులోనూ 160కి పైగా రకాలున్న రైనోవైరస్సులు. అలాగని పెద్దల మాట ఉత్తదేమీ కాదు. ముక్కు లోపల ఒంటి వేడి కన్నా తక్కువగా, 33 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఆ వైరస్ బాగా పెరుగుతుందనీ, దాన్ని ఎదిరించే శక్తి తగ్గుతుందనీ 2015లో ఎలుకల కణాల మీద చేసిన పరిశోధనలో తేలింది. కషాయం వైరస్‌ను చంపదు, గొంతుకు హాయినిస్తుంది. ఇంటిల్లిపాదికీ అంటే ముప్పును తగ్గించేది సబ్బుతో చేతులు కడుక్కోవడం.

● మేకలు కూడా ముట్టవని కంచెకు వేసే అడ్డసరం ఉంది కదా, దాని ఆకుల్లోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకునే బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు. 1963 నుంచి అది దగ్గు మందుల్లో ఉంది, కఫాన్ని పలుచన చేస్తుంది. చైనా వాళ్ల మాహువాంగ్ మొక్కదీ అదే కథ. దాని నుంచి 1885లో జపాన్ శాస్త్రవేత్త నాగాయ్ ఎఫెడ్రిన్ అనే మందును వేరుచేశాడు.

● అమృతాంజనం మన తెలుగువాడిది. కృష్ణా జిల్లాకు చెందిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. టైగర్ బామ్ రంగూన్‌లో స్థిరపడిన ఒక చైనా వైద్యుడి ఇంట పుట్టింది. రెండిట్లోనూ పుదీనా పువ్వు, అంటే మెంథాల్ ఉంది. రాసుకోగానే ముక్కు తెరుచుకున్నట్టుంటుంది గానీ రంధ్రం వెడల్పు కాదు. చల్లదనాన్ని గుర్తించే నరాలను మెంథాల్ తట్టి లేపుతుంది. ఆ నరాల్లో చల్లదనాన్ని పసిగట్టే గ్రాహకాన్ని 2002లో కనిపెట్టిన జట్లను నడిపిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ 2021లో నోబెల్ అందుకున్నారు.

● పసిబిడ్డ మెడలోనో ఉయ్యాలకో కర్పూరం మూట కట్టే అలవాటు ఇంకా ఉంది. దయచేసి మానండి. అది కొంచెం నోట్లోకి పోయినా బిడ్డకు ఫిట్స్ రావచ్చు. ఆవిరి గిన్నె దగ్గరికీ చిన్నపిల్లల్ని తీసుకుపోకండి, మరిగే నీళ్లు ఒలికి కాలే ప్రమాదాలు ఎక్కువ.

● నల్లమల చెంచులు తెచ్చే తేనె రాత్రి దగ్గుకు మంచి మందు. పడుకునే ముందు ఒక చెంచా చాలు. ఏడాది నిండని బిడ్డకు మాత్రం నాకించకూడదు. తేనెలో ఉండే ఒక రకం బాక్టీరియా విత్తనాలు ఆ లేత పేగుల్లో విషాన్ని పుట్టించగలవు.

● పిల్లల పడిశం ఊపిరితిత్తుల్లోకి దిగిందో లేదో ఇంట్లోనే కనిపెట్టొచ్చు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు బిడ్డకు 40 గానీ, అంతకు మించి గానీ ఉన్నా, పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా కషాయం పక్కన పెట్టండి. తెల్లారేదాకా చూడకుండా, ఆ రాత్రే ఆళ్లగడ్డకో నంద్యాలకో బండి కట్టించండి.