బురద దారిలో సైకిలు హబ్బుకు సీలే రక్ష

సైకిలు కొనేవారు దుకాణంలో తప్పకుండా చేసే పరీక్ష ఒకటుంది. ముందు చక్రాన్ని పైకెత్తి ఒక్కసారి తిప్పి వదులుతారు. ఎంతసేపు తిరిగితే అంత మంచి హబ్బు అని తేల్చేస్తారు. తారు రోడ్డుపైనే తిరిగే వారికి ఈ పరీక్షతో పెద్ద నష్టం లేదు. నాట్ల రోజుల్లో కాలువ గట్లపైన, పొలం డొంకల్లోను సైకిలు నడపాల్సిన వారిని మాత్రం ఇది తప్పుదారి పట్టిస్తుంది. లోపల గ్రీజు పలుచగా, రబ్బరు సీలు వదులుగా ఉన్న హబ్బే ఎక్కువసేపు తిరుగుతుంది. బురదలో మొదట చెడిపోయేదీ అదే.

గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిలు చక్రం నిమిషానికి సుమారు 120 సార్లు తిరుగుతుంది. అదే కొలత బేరింగు మోటార్లలో నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంది. అంటే సైకిలు హబ్బుకు వేగం ఒక సమస్యే కాదు. సీలు గట్టిగా ఒరుసుకున్నందువల్ల పెరిగే ఘర్షణ, టైరును పట్టి లాగే బురద బరువు ముందు లెక్కలోకి రాదు.

నీరు దారి చూపితే.. ఇసుక నమిలేస్తుంది

బురద దానంతట అది హబ్బును పాడు చేయదు. నీరు, దానితోపాటు సన్నని ఇసుక లోపలికి చేరినప్పుడే నష్టం మొదలవుతుంది. ఇసుక రేణువు గట్టిపరచిన ఉక్కును సైతం గీయగలదు. గ్రీజులో కలిసి గుళ్ల కింద పడితే సానరాయిలా పనిచేస్తుంది. నీరు తుప్పును తెస్తుంది. నీరు కలిసిన గ్రీజు మజ్జిగలా తెల్లబడి జారుడు గుణాన్ని పోగొట్టుకుంటుంది.

చాలామంది గుర్తించని విషయం మరొకటి ఉంది. ఎండలో వేడెక్కిన సైకిలును నేరుగా కాలువలోకి దించి కడుగుతుంటారు. హబ్బు లోపలి వెచ్చని గాలి చన్నీటి స్పర్శకు ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి సీలు అంచుల నుంచి నీరు లోపలికి పీల్చుకుపోతుంది. బైకులు కడిగే వాటర్ గన్‌ను హబ్బుపైకి తిప్పడం ఇంతకంటే హానికరం. మంచి సీలు కూడా ఆ ధాటికి నిలవదు.

ఈ సంగతి ఐరోపా క్రీడాకారులకు బాగా తెలుసు. అక్కడ, ముఖ్యంగా బెల్జియంలో, శరత్తు, శీతకాలాల్లో జరిగే సైక్లోక్రాస్ పోటీలు ఎక్కువగా పొలాలు, గడ్డి వాలులు, ఇసుక దిబ్బల మీదుగా సాగుతాయి. ఈ క్రీడలో 1950 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. అగ్రశ్రేణి పురుషుల పోటీ సుమారు గంటసేపు ఉంటుంది. టైరు వెడల్పు 33 మిల్లీమీటర్లకు మించరాదన్నది అంతర్జాతీయ నిబంధన. బురద పేరుకున్న సైకిలును వదిలి, సహాయకులు కడిగి ఉంచిన రెండో సైకిలు ఎక్కడం అక్కడ మామూలే. ఆ కడగడానికి వాడే నీటి ధార కారణంగా అక్కడి బేరింగులు తొక్కుడు కంటే కడుగుడుతోనే ఎక్కువ దెబ్బతింటాయంటే అతిశయోక్తి కాదు. పెద్ద జట్లకు మార్చుకునేందుకు చక్రాలు బోలెడు. పాల క్యాను కట్టుకుని రోజూ ఊళ్లోకి వచ్చే రైతుకు ఉన్నది ఒక్కటే జత.

ఏ రకం మేలు?

హబ్బులు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది పాత పద్ధతి. హబ్బులో బిగించిన కప్పు, ఇరుసుపై మర ఎక్కించిన కోను, రెంటి నడుమ మెకానిక్‌లు బాల్సు అని పిలిచే ఉక్కు గుళ్లు ఉంటాయి. సాధారణంగా ముందు హబ్బులో ఒక్కో వైపు 3/16 అంగుళాల గుళ్లు పది, వెనుక హబ్బులో పావు అంగుళం గుళ్లు తొమ్మిది పడతాయి. విప్పడం, కడగడం, గ్రీజు పెట్టడం ఇంట్లోనే సాధ్యం. విడిభాగాలు చిన్న ఊళ్లోనూ దొరుకుతాయి. అయితే అశ్రద్ధ చేస్తే కప్పులో గుంటలు పడతాయి. కోను, గుళ్లు మార్చవచ్చు గానీ, గుంటలు పడిన కప్పును చాలా హబ్బుల్లో మార్చడం కష్టం. అప్పుడు హబ్బే మార్చాలి. సంప్రదాయ నల్ల సైకిలుకు ముందు 32, వెనుక 40 చువ్వలు. అవన్నీ విప్పి, కొత్త హబ్బుకు ఎక్కించి, బెండు తీయించాలి. పది గుళ్లు, కాస్త గ్రీజుతో పోయేది చక్రం ఖర్చుకు చేరుతుంది. ఆ రోజుకు బడికి, పనికి నడకే.

రెండో రకంలో గుళ్లు, వాటి దారులు, సీలు అన్నీ కలిసిన మూసిన బేరింగును హబ్బులోకి దిగగొడతారు. చెడితే దాన్ని మాత్రమే తీసి కొత్తది వేస్తే హబ్బు యథాతథం. బురద దారికి ఇదే మేలు. కాకపోతే ఒక షరతు ఉంది. బేరింగుపై అంకెలు పరిశీలించాలి. ఉదాహరణకు 6001 అంటే లోపలి రంధ్రం 12, బయటి కొలత 28, మందం 8 మిల్లీమీటర్లు. ఫ్యాన్లు, పంపుల బేరింగులు అమ్మే దుకాణాల్లో ఇలాంటి సాధారణ కొలతలు దొరికే అవకాశం ఎక్కువ. అరుదైన కొలత ఉన్న ఖరీదైన హబ్బు కొంటే, బేరింగు కోసం నగరానికి వెళ్లాల్సి రావచ్చు.

అంకెల తర్వాతి అక్షరాలు ఇంకా ముఖ్యం. ‘జెడ్‌జెడ్’ అని ఉంటే రెండు వైపులా రేకు మూత. అది దుమ్మును ఆపుతుంది, నీటిని ఆపలేదు. ‘2ఆర్‌ఎస్’ అని ఉంటే రెండు వైపులా రబ్బరు సీలు. కొనవలసింది ఇదే. చేత్తో తిప్పినప్పుడు కాస్త బిగువుగా తోస్తుంది. అది లోపం కాదు. సిరామిక్ బేరింగుల గురించి ఇటీవల ఎక్కువగా వినిపిస్తోంది. వాటిలో గుళ్లకు తుప్పు పట్టదు నిజమే. అవి దొర్లే ఉంగరాలు చాలావాటిలో ఉక్కువే కనుక తుప్పు అక్కడ మొదలవుతుంది. బురద దారికి ఆ డబ్బు దండగ.

కొత్త బేరింగులో గ్రీజు కొంత మేరకే నింపి ఉంటుంది. సన్నని బ్లేడుతో సీలు అంచును జాగ్రత్తగా లేపి, మిగతా ఖాళీని గ్రీజుతో నింపితే నీటికి చోటుండదు. మోటారులోనైతే ఇలా నింపితే వేడెక్కుతుంది. సైకిలు వేగానికి ఆ భయం లేదు. నీటిని తట్టుకోవడంలో కాల్షియం ఆధారిత గ్రీజు నమ్మదగినది.

వెనుక చక్రం విషయంలో ఇరుసునూ చూడాలి. మర ఎక్కించే ఫ్రీవీలు ఉన్న హబ్బులో కుడివైపు బేరింగు లోపలికి జరిగి ఉంటుంది. దాంతో ఆ వైపు ఇరుసుకు ఆసరా తక్కువ. గడ్డిమోపు, ఎరువు బస్తా కట్టి గుంతల్లో దించితే వంగేది, విరిగేది అక్కడే. బరువులు మోసేవారు తేలికపాటి అల్యూమినియం ఇరుసు జోలికి పోకుండా గట్టి ఉక్కు ఇరుసు తీసుకోవాలి.

పరీక్ష ఇలా..

వానాకాలంలో కనీసం రెండు వారాలకోసారి రిమ్మును పట్టుకుని అటూ ఇటూ కదపాలి. ఇరుసు దగ్గర టకటక కదలిక ఉంటే కోను వదులైనట్లు. చక్రం విప్పి ఇరుసును వేళ్లతో తిప్పినప్పుడు ఇసుక నలిగినట్లు తగిలితే వెంటనే కడిగించాలి. గుళ్లు మార్చేటప్పుడు పాతవి, కొత్తవి కలపకూడదు. పరిమాణంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా బరువంతా పెద్ద గుళ్లపైనే పడుతుంది.

పాత నల్ల సైకిళ్లు ఉన్నవారు హబ్బు నడుమ చిన్న నూనె రంధ్రాన్ని, దానిపై ఉండే స్ప్రింగు క్లిప్పును ఓసారి చూసుకోవడం మంచిది. నూనె వేసినప్పుడల్లా లోపలి మురికి కొంత బయటికి వస్తుంది. క్లిప్పు ఊడిపోతే అదే రంధ్రం నీటికి తలుపవుతుంది. కొత్త క్లిప్పు దొరికే వరకు పాత ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ చుట్టి ఉంచితే సరిపోతుంది.